చిన్న తరగతులూ సోషల్ మీడియా: అవతల వినేది ఎవరు?

పదమూడేళ్ళు నిండని పిల్లలు ఫేస్‌బుక్‌లో సొంతంగా ఖాతా తెరవకూడదు. ఇన్‌స్టాగ్రామ్‌దీ, వాట్సాప్‌దీ అదే నిబంధన. పదమూడేళ్ళలోపు పిల్లల వివరాలు సేకరించాలంటే తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అని అమెరికా 1998లో చట్టం చేసింది. ఆ అనుమతుల తలనొప్పి పడలేక కంపెనీలు ఆ వయసు దగ్గరే గేటు పెట్టేశాయి. ఆస్ట్రేలియా మరో అడుగు ముందుకేసి, 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ళలోపు వాళ్ళకు పెద్ద సోషల్ మీడియా వేదికలలో ఖాతాలే లేకుండా చేసింది. మన దేశంలో 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండేదాకా పిల్లల కిందే లెక్క.

ఈ లెక్కన ఒకటి నుంచి ఐదు దాకా చదివే పిల్లలకూ సోషల్ మీడియాకూ సంబంధమే ఉండకూడదు. కానీ ఏ ప్రాథమిక పాఠశాలకైనా వెళ్ళి చూడండి, తరగతికో వాట్సాప్ గ్రూపు ఉంటుంది. హోంవర్కు అందులోనే వస్తుంది. రేపు సెలవన్న కబురూ అందులోనే. ఆగస్టు పదిహేనున పిల్లలు వేసిన వేషాలూ అందులోనే. పిల్లవాడికి ఖాతా లేకపోయినా వాడి ఫొటో, వాడి చేతిరాత, వాడి మార్కులు, వాడి గొంతు రోజూ ఆ దారినే తిరుగుతున్నాయి. కాబట్టి ఈ సాధనాలు బడిలోకి రావచ్చా అన్న చర్చకు కాలం దాటిపోయింది. వచ్చాక వాటితో పిల్లలకు ఏమైనా వచ్చిందా, వస్తే ఎప్పుడు, రాకపోతే ఎందుకు అన్నదే ఇప్పుడు చూడవలసింది.

ఇన్నేళ్ళుగా వేరువేరు దేశాలలో జరిగిన ప్రయత్నాలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక సంగతి బలంగా కనిపిస్తోంది. పిల్ల రాసినదాన్ని చదివి, చెప్పినదాన్ని విని, తిరిగి జవాబిచ్చే మనిషి అవతల ఉన్నచోట చదువు సాగింది. ఆ మనిషి లేనిచోట ఎంత మంచి యాప్ పెట్టినా అది నోటీసు బోర్డుగానే మిగిలింది.

దీనికి పునాది కంప్యూటర్లు పుట్టకముందే పడింది. ఫ్రాన్స్ దక్షిణాన, అత్తర్లకు పేరుపడ్డ గ్రాస్ పట్టణం దగ్గర బార్ సూర్ లూ అని ఒక కొండ ఊరు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి ఊపిరితిత్తులు దెబ్బతిన్న సెలెస్తాఁ ఫ్రెనే అక్కడ బడిపంతులు. గంటల తరబడి పాఠం చెప్పే ఓపిక ఆయన ఒంట్లో లేదు. 1920లలో ఒక చిన్న అచ్చుయంత్రం కొని తరగతిలో పెట్టాడు. పిల్లలు తమ ఊరి సంగతులు రాసేవారు, అందులో బాగున్నదాన్ని తామే ఎంచుకునేవారు, ఒక్కో సీసపు అక్షరం పేర్చి అచ్చు వేసేవారు. ఆ కాగితాలు పోస్టులో దేశానికి ఆ చివర, బ్రిటనీ సముద్రతీరాన ఉన్న ట్రెగుంక్ బడికి వెళ్ళేవి. అక్కడి పిల్లల రాతలు ఇక్కడికి వచ్చేవి. కొండ ఊరి పిల్లలకు ఆ బ్రిటనీ తీరం తెలియదు, ఆ తీరపు పిల్లలకు ఈ కొండలు తెలియవు. అవతలివాళ్ళకు తెలియనిది మనం చెప్పాలి కాబట్టి సరిగ్గా చెప్పాలి, తప్పు లేకుండా రాయాలి. అచ్చులో అక్షరం తిరగబడితే అక్కడివాళ్ళకు అర్థం కాదు. స్పెల్లింగ్ ఎందుకు నేర్చుకోవాలో పంతులు వివరించనక్కరలేకపోయింది. ఈ రోజు మనం సోషల్ నెట్‌వర్క్ అంటున్న దానిలో చదువుకు పనికొచ్చే సారమంతా ఆ అచ్చుయంత్రంలోనే ఉందని నా అభిప్రాయం. తర్వాత వచ్చినవన్నీ పోస్టు బండి వేగాన్ని పెంచాయి, అంతే.

ఆ వేగం 1980ల చివరినుంచి పెరిగింది. 1988లో మొదలైన ఐఎర్న్, 1990లో నార్వే నుంచి మొదలైన కిడ్‌లింక్ ఈ-మెయిళ్ళతో దేశాల మధ్య పిల్లలను కలిపాయి. 2010 ప్రాంతానికి అది తరగతి ఖాతాల రూపం తీసుకుంది. కెనడాలో మూస్ జా పట్టణంలో కాతీ కాసిడీ అనే ఒకటో తరగతి టీచరు తన క్లాసు మొత్తానికి ఒక ట్విట్టర్ ఖాతా నడిపేవారు. ఆరేళ్ళ పిల్లలు ఏ వాక్యం పెట్టాలో కలిసి తేల్చుకునేవారు, ఆవిడ పక్కన ఉండేవారు. అమెరికాలో పర్నిల్ రిప్ 2010లో మొదలుపెట్టిన గ్లోబల్ రీడ్ అలౌడ్ మరో మాదిరి: చాలా దేశాల తరగతులు ఒకే పుస్తకాన్ని ఒకే వారాలలో పైకి చదువుకుంటాయి, తర్వాత ఒకరితో ఒకరు దాని గురించి మాట్లాడుకుంటాయి. కాసిడీ తరగతి పిల్లలకు ట్విట్టర్‌లో విడివిడిగా ఖాతాలు లేవన్నది గమనించాలి. తరగతి అంతా కలిసి ఒక గొంతుతో మాట్లాడింది. తాళం టీచరు చేతిలో ఉంది. చిన్న పిల్లల విషయంలో ఇంతకన్నా సురక్షితమైన పద్ధతి ఈనాటికీ ఎవరూ చూపించలేదు.

వీటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ‘మిస్టరీ స్కైప్’ ఆట. ముందే మాట్లాడుకున్న రెండు తరగతులు వీడియోలో కలుస్తాయి. అవతలివాళ్ళది ఏ దేశమో, ఏ ఊరో టీచర్లకు మాత్రమే తెలుసు. పిల్లలు అవును, కాదు అన్న జవాబొచ్చే ప్రశ్నలే వేయాలి. మీరు భూమధ్యరేఖకు పైన ఉన్నారా? మీకు సముద్రం ఆనుకుని ఉందా? ఇద్దరు ప్రశ్నలు వేస్తుంటే నలుగురు నేలమీద పటం పరచుకుని కొట్టివేతలు చేస్తుంటారు, ఒకరు జవాబులు రాస్తుంటారు, ఇంకొకరు తర్వాతి ప్రశ్న ఏది వేస్తే ఎక్కువ చోట్లు ఎగిరిపోతాయో ఆలోచిస్తుంటారు. అక్షాంశ రేఖాంశాలు బట్టీ పట్టిన పిల్లకూ, ఆ గీతను పట్టుకుని అవతలి బడిని వెతికిన పిల్లకూ ఎంత తేడా ఉంటుందో టీచర్లకు చెప్పనక్కరలేదు. మైక్రోసాఫ్ట్ 2025 మేలో స్కైప్‌ను మూసేసింది. ఆటకు మాత్రం ఏ వీడియో కాల్ అయినా సరిపోతుంది.

స్కైప్ పేరు వచ్చింది కాబట్టి హైదరాబాద్ సంగతి చెప్పాలి. 1999లో ఢిల్లీలో గోడకు కంప్యూటరు బిగించి పిల్లలకు వదిలేసిన సుగతా మిత్రా, 2009లో బ్రిటన్‌లోని అమ్మమ్మలకు ఒక పిలుపునిచ్చారు: వారానికి ఒక గంట భారతదేశపు పిల్లలతో స్కైప్‌లో మాట్లాడతారా అని. ముందుకొచ్చినవాళ్ళలో రిటైరైన టీచర్లు చాలామంది. వాళ్ళు మొదట మాట్లాడినవాళ్ళలో హైదరాబాద్ బడుల పిల్లలున్నారు. కథలు చదివారు, పాటలు పాడారు, పిల్లలు చూపించినదాన్ని మెచ్చుకున్నారు. దానికి ‘గ్రానీ క్లౌడ్’ అని పేరు పడింది. టీచరు లేకుండా పిల్లలు తమంతట తామే నేర్చేసుకుంటారన్న మిత్రా వాదన మీద చాలా విమర్శలున్నాయి. ఆ విమర్శలతో నేను ఏకీభవిస్తాను. అయితే ఆయన పనిలోనే ఆ వాదనకు ఎదురు సాక్ష్యం ఉంది. కంప్యూటరు ఒక్కటే చాలదని, పిల్లల వెనక నిలబడి ‘భలే చేశావే, ఇది ఎలా కనుక్కున్నావ్?’ అని అడిగే మనిషి కావాలని ఆయన అమ్మమ్మల దగ్గరికి వెళ్ళారు.

ఇక కంపెనీలు కట్టిన వేదికల కథ త్వరగా చెప్పుకోవచ్చు, కానీ మరచిపోకూడదు. 2008లో షికాగోలో పుట్టిన ఎడ్మోడోను బడుల ఫేస్‌బుక్ అనేవారు. చూడ్డానికి కూడా అలాగే ఉండేది. లక్షల తరగతులు అందులో చేరాయి. 2017లో దాని నుంచి 7 కోట్ల 70 లక్షల ఖాతాల వివరాలు దొంగలపాలయ్యాయి. 2018లో ఒక చైనా కంపెనీ కొనుక్కుంది. 2022 సెప్టెంబరులో మూతపడింది. పిల్లల సమాచారాన్ని ప్రకటనలకు వాడుకున్నందుకు 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అప్పటికే బండి షెడ్డుకు చేరింది. టీచర్లు ఏళ్ళ తరబడి పోగుచేసిన పాఠాలు, పిల్లల రాతలు ఏమయ్యాయో ఊహించుకోవచ్చు. సీసా అనే యాప్ చిన్న తరగతులకు ఇంతకన్నా ఆలోచించి కట్టినది. పిల్ల బొమ్మ వేసి, దాని గురించి తన గొంతుతో చెప్పి పెడితే టీచరు ఒప్పుకున్నాకే మిగతావాళ్ళకు కనిపిస్తుంది. దానిలోకి కూడా 2022లో వేరేచోట దొంగిలించిన పాస్‌వర్డులతో ఎవరో చొరబడి, తల్లిదండ్రులకు అసభ్యమైన బొమ్మ పంపారు. కోవిడ్ కాలంలో ప్రభుత్వాలు సిఫారసు చేసిన 160కి పైగా చదువు యాప్‌లను, వెబ్‌సైట్లను పరిశీలించి హ్యూమన్ రైట్స్ వాచ్ 2022లో ఒక నివేదిక ఇచ్చింది. వాటిలో 89 శాతం పిల్లల హక్కులకు ముప్పు తెచ్చే విధంగా సమాచారం తీసుకుంటున్నాయని తేల్చింది. మన ప్రభుత్వ చదువు యాప్ దీక్షా పేరు కూడా అందులో ఉంది. ఉచితంగా ఇచ్చారు కదా అని సంతోషించే ముందు ఈ చరిత్ర ఒకసారి చదువుకోవాలి.

తెలుగు రాష్ట్రాలలో ఈ సాధనాలు కోరుకుని వచ్చినవి కావు, కోవిడ్ తోసుకొచ్చినవి. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి ఛానెల్లో విద్యావారధి పాఠాలు, తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి యాదగిరి, టీశాట్‌లలో డిజిటల్ పాఠాలు నడిచాయి. టీవీ చెప్పింది, వాట్సాప్ వర్క్‌షీట్ పంపింది. 2018లో చదువుకునే పిల్లల ఇళ్ళలో స్మార్ట్‌ఫోను ఉన్నవి దేశం మొత్తమ్మీద పల్లెలలో 36.5 శాతం. 2021కి 67.6 శాతమని పల్లె పిల్లల చదువును లెక్కకట్టే అసర్ సర్వే చెప్పింది. ఇంట్లో ఫోనున్నా దాన్ని ముట్టుకునే వీల్లేని పిల్లలు నాలుగోవంతుకు పైనే ఉన్నారని కూడా అదే సర్వే చెప్పింది. ఫోను నాన్న జేబులో ఉంటుంది. నాన్న పొద్దున్నే పనికి పోతాడు. రాత్రి ఎనిమిదికి వస్తే, అప్పుడు మూడో తరగతి పాప నిద్రకళ్ళతో వర్క్‌షీట్ చూసి నోటుపుస్తకంలో రాస్తే, అమ్మ ఫొటో తీసి పంపితే, టీచరు దాని మీదే వేలితో ఎర్ర టిక్కు గీసి తిప్పి పంపేది. మధ్యలో అన్న చేసిపెట్టాడో, పాపే చేసిందో ఫొటోలో తెలియదు. అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం అయిదు రాష్ట్రాలలో 16 వేలమంది ప్రాథమిక తరగతుల పిల్లలను చూసి 2021 మొదట్లో వెలువరించిన అధ్యయనంలో, అంతకుముందు వచ్చిన భాషా సామర్థ్యాలలో కనీసం ఒకటి పోగొట్టుకున్నవాళ్ళు 92 శాతం, గణితంలో 82 శాతం. ఆ రాష్ట్రాలలో మనవి లేవు. అయినా మళ్ళీ బడి తెరిచిన రోజున ఏ ఊరి పంతులమ్మను అడిగినా ఇదే చెప్పేది.

అదే కాలంలో ఆఫ్రికాలోని బోట్స్‌వానాలో జరిగిన పరీక్ష ఈ మొత్తం ప్రశ్నకు దీపంలాంటిది. నోమ్ ఆంగ్రిస్ట్, ఆయన సహచరులు దాదాపు 4,500 కుటుంబాలను తీసుకున్నారు, అన్నీ మూడు నుంచి అయిదో తరగతి పిల్లలున్నవి. కొందరికి వారం వారం ఫోనులో లెక్కల మెసేజి పంపారు. కొందరికి మెసేజితో పాటు ఒక టీచరు పదిహేను, ఇరవై నిమిషాలు ఫోను చేసి, పిల్లతో మాట్లాడి, ఆ లెక్క చేయించారు. మెసేజి ఒక్కటే అందుకున్న పిల్లలలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఫోను కూడా అందుకున్న పిల్లలు లెక్కల్లో స్పష్టంగా ముందుకు వెళ్ళారు. ఆ ఫోను స్మార్ట్‌ఫోను కానక్కరలేదు, మామూలు బటన్ ఫోను చాలు. తర్వాత భారత్, నేపాల్, ఫిలిప్పీన్స్, కెన్యా, ఉగాండాలలో చేసిన పరీక్షలలోనూ ఫోను మాటకు మంచి ఫలితమే వచ్చింది. మన గ్రూపులలో రోజూ వచ్చిపడే పీడీఎఫ్‌లను ఈ వెలుగులో చూడాలి. అవన్నీ ఒంటరి మెసేజిలే.

అలాగని వాట్సాప్‌ను పక్కన పడేయమని నేననను. దానిలో చిన్న తరగతులకు అచ్చంగా అతికే వస్తువు ఒకటుంది, దాన్ని మనం సరిగ్గా వాడుకోలేదు. అది వాయిస్ మెసేజి. తెలుగు చదవడంలో పిల్లలు ఎక్కడ తడబడతారో నోటుపుస్తకం చూస్తే తెలియదు, చెవితో వినాలి. ‘పద్మ’ను ‘పదమ’ అంటున్నదా, ‘కాఫీ’నీ ‘కాపీ’నీ ఒకేలా పలుకుతున్నదా, వాక్యం చివర ఆగుతున్నదా, వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నదా, లేక విని నోటికొచ్చిన పాఠాన్ని పుస్తకం వైపు చూస్తూ అప్పజెప్పుతున్నదా? ముప్ఫైమంది ఉన్న తరగతిలో, అందులోనూ ఒకే టీచరు రెండు మూడు తరగతులు చూసే బడిలో, ఒక్కొక్కరిచేత రోజూ చదివించి వినడానికి గంటలు చాలవు. పాప ఇంట్లో అరనిమిషం చదివి పంపితే ఆ సాయంత్రం బస్సులో టీచరు వినొచ్చు. విన్న తర్వాత ‘మంచి పాపా, బాగా చదివావ్. ‘ఉత్తరం’ దగ్గర ఇంకొకసారి చెప్పు, నాలుకను పళ్ళకు తాకించు’ అని తిరిగి పలకాలి. ఆ పది సెకన్ల జవాబే అసలు చదువు. జవాబు రాదని పిల్లలకు వారంలో తెలిసిపోతుంది, తెలిసిన రోజున పంపడం మానేస్తారు. అందుకే రోజుకు అయిదుగురికి మించి వంతు పెట్టకూడదు, పెట్టినవాళ్ళకు జవాబు తప్పకూడదు.

ఇక్కడ టీచరు సమయం సంగతి నిజాయితీగా మాట్లాడుకోవాలి. రెండు రాష్ట్రాలలోనూ టీచరు చేతిలో ఫోను ఇప్పటికే అలిసిపోయి ఉంది. హాజరు అందులో, మధ్యాహ్న భోజనం లెక్కలు అందులో, పైనుంచి అడిగిన ఫార్మాట్లు అందులో. ఆంధ్రప్రదేశ్‌లో ఒక దశలో మరుగుదొడ్ల ఫొటోలు కూడా టీచర్లే తీసి పెట్టవలసి వచ్చింది. పైవాళ్ళకు సాక్ష్యం చూపించే పనికి ఫోను అలవాటుపడ్డాక, పిల్లల చదువు కూడా సాక్ష్యంగా మారిపోతుంది. పాప పద్యం చెబుతుంటే వినడానికి బదులు, చెబుతున్నట్టు వీడియో తీసి గ్రూపులో పెట్టడం పనైపోతుంది. దీనికి టీచర్లను తప్పుపట్టడం అన్యాయం. చదువు కోసం ఫోను వాడమనే శాఖ ముందుగా ఫొటోల పని తగ్గించాలి.

తల్లిదండ్రుల భయం ఇంకో వైపు. అది ఉట్టి భయం కాదు. 2024 అసర్‌లో, స్మార్ట్‌ఫోను వాడటం వచ్చిన 14-16 ఏళ్ళ గ్రామీణ పిల్లలలో అంతకుముందు వారం చదువుకు సంబంధించిన పనికి ఫోను వాడినవాళ్ళు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్ళు 76 శాతం. ప్రాథమిక బడిలో పడే అలవాటే అక్కడిదాకా వెళుతుంది. ఎనిమిదేళ్ళ పిల్ల తన బొమ్మకు ఎన్ని లైకులు వచ్చాయో, పక్కమ్మాయి బొమ్మకు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టడం మొదలుపెడితే బొమ్మ మీది మనసు పోతుంది. అందుకే లైకులు కనిపించే ఏ వేదికా చిన్న తరగతులకు తగదని నేను గట్టిగా నమ్ముతాను. మన డేటా రక్షణ చట్టంలో తొమ్మిదో సెక్షను పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన అనుమతి ఉండాలంటుంది, పిల్లలను గురిచూసి ప్రకటనలు వేయకూడదంటుంది. చట్టం సంగతి అటుంచి, బడిలో ఇవాళే చేయగలవి కొన్నున్నాయి. పిల్లల ముఖాలకు బదులు వాళ్ళు చేసిన పనిని ఫొటో తీయొచ్చు. పూర్తి పేరు, ఊరు, తండ్రి పేరు కలిపి ఎక్కడా పెట్టకుండా ఉండొచ్చు. మార్కుల జాబితాను అందరున్న గ్రూపులో వేయడం మానేయొచ్చు. ఈ చివరిది వింటే చిన్నదనిపిస్తుంది. తన కూతురికి అన్నిటికన్నా తక్కువ మార్కులొచ్చాయని ఊరంతా చూసిన తల్లి ఆ తర్వాత ఆ గ్రూపు తెరవదు.

పిల్లల మాటకు బయటి లోకం చెవి ఒగ్గితే ఏం జరుగుతుందో స్కాట్లండ్‌లో 2012లో కనిపించింది. తొమ్మిదేళ్ళ పాప ఒకతె తన బడిలో రోజూ పెట్టే మధ్యాహ్న భోజనాన్ని ఫొటో తీసి, ఎలా ఉందో రాసి ఇంటర్నెట్‌లో పెట్టేది. లక్షలమంది చదివారు. స్థానిక కౌన్సిల్ ఫొటోలు తీయొద్దంది. గొడవ పెరిగి ఆ ఆంక్షను వెనక్కి తీసుకుంది. ఆ పాప రాతల పుణ్యాన పేద దేశాల పిల్లల భోజనానికి పెద్ద మొత్తంలో విరాళాలు వచ్చాయి. ఇందులో అందం ఎంత ఉందో ప్రమాదం అంత ఉంది. తొమ్మిదేళ్ళకు లక్షల కళ్ళు ఎక్కువ. మన పిల్లలకు అంతమంది అవసరం లేదు. అప్పటి అనంతపురం జిల్లాలో చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు బడి నుంచి 2008లో మొదలైన ‘కొత్తపల్లి’ పిల్లల పత్రికను చూడండి. పిల్లలే కథలు చెప్పారు, పిల్లలే బొమ్మలు వేశారు, పెద్దలు వాటిని కూర్చి ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టారు. పిల్లలకు ఖాతాలు లేవు, లైకులు లేవు, పాఠకులు మాత్రం ఉన్నారు. మన నేల మీద మొలిచిన ఫ్రెనే అచ్చుయంత్రం అది.

దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళే వీలు మనకు చాలా ఉంది. భాషల విషయంలో మరీ ఎక్కువ. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, లంబాడీ, ఆదివాసీ ఒడియా భాషలలో చిన్న తరగతులకు వాచకాలు తయారయ్యాయి. ఆ పిల్లలకు తెలుగు బడికి వచ్చాక దొరికే భాష. సీతంపేట కొండల్లో సవర పాప తన భాషలో చెప్పిన కథను టీచరు రికార్డు చేసి, పక్కనే తెలుగులో చెప్పించి, భీమిలి తీరంలో మత్స్యకారుల పిల్లలు చదివే బడికి పంపితే, ఆ పిల్లలు తమ వల గురించి, చేపల పేర్ల గురించి చెప్పి తిప్పి పంపితే, బార్ సూర్ లూకూ ట్రెగుంక్‌కూ మధ్య నడిచినదే నడుస్తుంది. రెండు ఫోన్లు, ఇద్దరు టీచర్లు, వారానికి ఒక ఉత్తరం, అంతకన్నా కావలసింది లేదు. ఇలా బడికి బడిని జత కలపడానికి స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలున్నాయి. టీచర్లందరూ అక్కడ ఎలాగూ కూర్చుంటారు. మొదటి ఏడాది మండలానికి రెండు జతలు కుదిర్చినా చాలు. ఆ జతలలో ఉన్న టీచర్లకు వారానికి ఒక పీరియడ్ ఉత్తరాలకని టైంటేబుల్లో రాసి ఇవ్వాలి. ఆ పీరియడ్‌కు ఏ ఫొటో, ఏ ఫార్మాటూ అడగకూడదు. విద్యాసంవత్సరం చివర ఆ పిల్లల నోట మరోసారి చదివించి విని, ఏమైనా మారిందో లేదో చూడాలి.